పైకప్పు వైపు చూసే పాప

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం వాళ్ళది. నేను ఇరవై ఏళ్ళకు పైగా చేసి దిగిపోయిన ఉద్యోగం కూడా అదే. కాఫీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసు ఏదైనా చెప్పండి" అంటారు. నడవలేని పిల్లను పరిగెత్తించాననో, మాట రాని పిల్లతో పద్యం చెప్పించాననో వినాలని వాళ్ళ ఆశ. అలాంటివి నా దగ్గర లేవు. నా దగ్గర ఉన్నది ఒక తప్పు. సంతకం పెట్టి, ముద్ర వేసి మరీ చేసిన తప్పు.

చంద్రగిరి చుట్టుపక్కల ఊళ్ళు అప్పట్లో నావి. బడి ఈడు వచ్చిన పిల్లల్లో ఎవరికైనా చూపో, వినికిడో, నడకో, తెలివో సరిగా లేదనిపిస్తే అంగన్‌వాడీ నుంచి నాకు కబురొచ్చేది. ఆ పిల్లను మా కేంద్రానికి పిలిపించి పరీక్ష చేసేవాణ్ణి. దానికొక పెట్టె ఉండేది. రంగు పూసలు, దారం, చెక్కపలకలో గుచ్చే మేకులు, బొమ్మల అట్టలు, ఒక స్టాప్‌వాచీ. పిల్ల ఏమేం చేసింది, ఎంతసేపట్లో చేసింది అన్నది నాలుగు పేజీల కాగితంలో రాయాలి. కింద నా అభిప్రాయం రాయాలి: బడిలో చేర్చవచ్చు, లేదా ఇంటివద్దనే విద్య. వేసవిలో తిరుపతిలో జరిగే శిబిరంలో డాక్టరు ఆ కాగితం చూసి ఖాయం చేస్తాడు, అంతదాకా నేను రాసిందే చెల్లుతుంది. బడిలో చేరితే మాలో ఒకరు ఆ బడికే పోయి ఆ పిల్లకు సాయపడాలి. ఇంటివద్దనే అంటే వారానికోసారి మాలో ఎవరో ఒకరు ఆ ఇంటికి పోయి చదువు చెప్పాలి. రాతలో వారానికోసారి, చేతలో నెలకోసారి. మాకున్న ఊళ్ళకు, మాకున్న బండ్లకు అంతకన్నా అయ్యేది కాదు.

నాకు వేగంగా పనిచేస్తానని పేరు. ఒక పిల్లకు ఇరవై నిమిషాలు. మిగతా మండలాల వాళ్ళు ఇంకా పెన్సిళ్ళు చెక్కుకుంటుండగానే నా ఫైళ్ళు జిల్లా ఆఫీసుకు చేరిపోయేవి. "ఆయన కాగితం మళ్ళీ చూడక్కర్లేదు" అని మా అధికారి ఒక మీటింగులో అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను రెండేళ్ళు తల ఎగరేసుకుని తిరిగాను.

ఆ పాపను వాళ్ళ అవ్వ సంకలో వేసుకుని వచ్చింది. ఐదేళ్ళ పిల్ల. పుట్టేటప్పుడే మెదడుకు ఊపిరి సరిగా అందక కాళ్ళు, చేతులు బిగుసుకుపోయాయి. మాట రాదు. చొంగ కారకుండా మెడలో చేతిగుడ్డ కట్టి ఉంది. తల్లి తిరుపతిలో ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే పనికి పోతుంది, అందుకని పిల్ల బాగోగులన్నీ అవ్వే చూస్తుంది. అవ్వకు రెండు ఆవులు, ఊళ్ళో పాలకేంద్రంలో పాలు పోసి బతుకుతున్నారు. ఇవన్నీ నేను అడిగి రాసుకున్నాను. అడగాల్సింది మాత్రం అడగలేదు.

పూసలు ముందు పెట్టి దారానికి ఎక్కించమన్నాను. పాప చెయ్యి ఒకవైపు పోవాలంటే ఇంకోవైపు పోయింది. నాకు తొందర. ఆ చెయ్యి పట్టుకుని, వేళ్ళు విడదీసి, పూస అందించి ఎక్కించబోయాను. పాప ఏడ్చింది. మేకులూ అంతే. తర్వాత బొమ్మల అట్టలు తీశాను. "ఇది కుక్కేనా? ఇది గొడుగా? ఇందులో తినేది ఏది, చూపించు." పాప వేలు ఎత్తలేదు. అట్టను ఒక క్షణం చూసి తల పైకెత్తి పైకప్పు వైపు చూసింది. ఇంకో అట్ట తీశాను. మళ్ళీ పైకప్పు. ఒకసారైతే కళ్ళు గట్టిగా మూసుకుంది. నిద్రొస్తోందేమో అనుకున్నాను.

అవ్వ ముందుకు వంగి, "సారూ, అది..." అని ఏదో చెప్పబోయింది.

"నువ్వు మాట్లాడకూడదవ్వా, పరీక్ష చెడిపోతుంది" అన్నాను. నిబంధన అదే. ఇంటివాళ్ళు పిల్లకు జవాబులు అందించకూడదు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కాగితం మీద నేను రాసింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "దృష్టి నిలపదు. పైకప్పు వైపే చూస్తుంటుంది. ప్రశ్నలు గ్రహించే స్థితిలో లేదు. తీవ్రమైన బుద్ధిమాంద్యం. ఇంటివద్దనే విద్య." పంతొమ్మిది నిమిషాలు పట్టింది.

లేచి వెళ్ళేటప్పుడు అవ్వ అడిగింది: "బడికి పంపొచ్చా సారూ? ఎదురింటి పిల్లోళ్ళు పోతావుంటే ఇదీ పోవాలని ఒకటే ఏడుపు."

"ఇంటికే టీచరు వస్తారు గదవ్వా, ఇంకేం కావాల?" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను ఆమెకు మేలు చేస్తున్నానని నిజంగానే అనుకున్నాను.

అప్పుడే మా కేంద్రానికి కొత్తగా ఒక అమ్మాయి చేరింది. పుత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చింది, చదువు అయిపోయి ఏడాది కూడా కాలేదు. ఆ పాప ఇంటికి పోయే పని ఆమెకు అప్పగించాను. మొదటిరోజు పోయి వచ్చి హెల్మెట్ తీయకుండానే నా బల్ల ముందు నిలబడింది.

"సార్, ఆ పాపను పరీక్ష చేసింది మీరేనా?"

"నేనే. ఏం?"

"ఏం లేదు సార్. ఊరికే అడిగినా."

"ఊరికే ఎందుకు అడుగుతావు? కాగితంలో సంతకం కనపడలేదా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఒకసారి మీరు కూడా రాండి సార్. ఇంటికి గాదు, పాలకేంద్రం దగ్గరికి. పొద్దున పాలు పోసే టయానికి" అంది. చిన్నపిల్ల నాకు పాఠం చెప్పడమేమిటని రెండు వారాలు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. ఆమె వదలలేదు. చివరికి ఒకరోజు పొద్దున్నే ఆరున్నరకు పోయాను, పోయి చూసి ఆమె నోరు మూయించాలని.

పాలకేంద్రం అంటే పంచాయితీ ఆఫీసు పక్కన ఒక రేకుల గది. పది పన్నెండు మంది క్యాన్లతో వరుసలో నిలబడి ఉన్నారు. మధ్యలో అవ్వ, సంకలో పాప. పాలు కొలిచే ఆయన తల ఎత్తకుండానే మాట్లాడుతున్నాడు, అవ్వతో కాదు, పాపతో.

"ఏమ్మా, మీ నల్లావు ఈనిందంట గదా?"

పాప తల పైకెత్తి చూసింది.

"కోడెదూడనా?"

పాప కళ్ళు మూసుకుంది.

"అట్లయితే పెయ్యదూడ!"

తల పైకి లేచింది, ముఖమంతా నవ్వు.

"జున్నుపాలు నాకిస్తావా మరి?"

పాప కళ్ళు ఎంత గట్టిగా మూసుకుందంటే ముక్కు కూడా ముడుచుకుపోయింది. వరుసలో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. వెనకనున్న ఒకామె, "అంతేలేమ్మా, ఈయప్పకు ఇయ్యొద్దు, మొన్న నీళ్ళ పాలన్నాడు మన పాలను" అంది. పాప మళ్ళీ తల పైకెత్తింది.

నేను బండి స్టాండు వెయ్యడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఊరంతా ఆ పిల్లతో మాట్లాడుతోంది. ఆ పిల్ల ఊరంతటికీ జవాబు చెబుతోంది. నా పరీక్ష గదిలో చెప్పిన జవాబులు కూడా ఇవే. నేనే వాటిని "పైకప్పు వైపే చూస్తుంటుంది" అని రాసుకున్నాను.

అవ్వ నన్ను చూసి దగ్గరికొచ్చింది. దండం పెట్టింది కూడా. అదెట్లా నేర్పినారవ్వా అని అడిగాను.

"నేర్పేదేముండాది సారూ? చిన్నప్పుడు సంకలో ఏసుకోని వాకిట్లో నిలబడి, 'కొండకు పోదామా, సామిని సూద్దామా' అంటా ఉంటి. కొండపక్క తలెత్తి సూసేది. సరేనంటే అట్ల, వద్దంటే కండ్లు మూసుకోవడం. మాకదే మాటయిపోయింది."

వాళ్ళ వాకిట్లో నుంచి చూస్తే ఎదురుగా తిరుమల కొండే. ఆ పాపకు 'అవును' అన్న మాట అక్కడ పుట్టింది.

"ఆ పొద్దే చెప్పబోతి సారూ. మీరు నోరు మూయిస్తిరి" అంది అవ్వ, నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. "మీరు పాప చేతుల్ని పరీక్ష చేసినారు. పాపను చేయలేదు."

కేంద్రానికి పోయి ఆ ఫైలు తీశాను. ఏ బొమ్మకు పైకి చూసింది, ఏ బొమ్మకు కళ్ళు మూసుకుంది, చూద్దామని. ఏమీ రాసుకోలేదు. ఎన్ని జవాబులు సరిగ్గా చెప్పిందో నాకు ఎప్పటికీ తెలియదు. పెట్టెలోని సామానే బాగాలేదు, పూసలే చిన్నవి అని సరిపెట్టుకోవచ్చు. మాలో చాలామంది అలాగే సరిపెట్టుకుంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టే అది. పెట్టె అవ్వ నోరు మూయించలేదు, నేను మూయించాను.

ఇక్కడ మా ఉద్యోగాల్లోని ఒక మర్యాద మీకు చెప్పాలి. మా ఫైళ్ళలో తప్పు అనే మాట ఉండదు. ముందు రాసింది తప్పని తేలితే, "మెరుగుపడింది" అని రాస్తాం. పిల్లకు మంచే జరుగుతుంది, మనకూ పేరొస్తుంది. పక్క మండలంలోని నా స్నేహితుడు ఫోనులో అదే చెప్పాడు: "తప్పని ఎందుకు రాస్తావప్పా? ఆరు నెలల్లో మెరుగుపడిందని రాయి. ఎవురడగతారు?" నాకూ బాగానే అనిపించింది. కూర్చుని శుభ్రంగా రాశాను: "ఇంటివద్ద అందించిన శిక్షణ వల్ల పాప గ్రహణశక్తి గణనీయంగా మెరుగుపడింది."

కొత్తమ్మాయికి చదవమని ఇచ్చాను. ఆమె చదివి, కాగితం తిరిగి ఇస్తూ, "మెరుగుపడింది ఎవురు సార్?" అంది.

అంత మర్యాదగా నన్ను ఇంకెవరూ తిట్టలేదు. ఆ కాగితం చింపేశాను. అప్పటికి నాకు కోపం కూడా పోయింది, సిగ్గు ఒక్కటే మిగిలింది.

శిబిరం మే నెలలో. తిరుపతిలో ఒక బడిని ఆ రోజుకు తీసుకున్నారు. గదికొక బల్ల, బల్లకొక డాక్టరు, వరండా నిండా పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. పాప తల్లి కూడా పనికి సెలవు పెట్టి వచ్చింది. ఈరోజు ఇక్కడ ఏం రాస్తే అదే. బడి అంటే ఎదురింటి పిల్లలతో బడి, ఇల్లంటే ఆ నాలుగు గోడలే. మళ్ళీ చూసేది ఏడాదికి. ఆ సంగతి తల్లికీ తెలుసు. కూర్చోమన్నా కూర్చోలేదు.

మా బల్ల డాక్టరు పెద్దాయన, పొద్దున నుంచి చూసి చూసి అలసిపోయి ఉన్నాడు. నా పాత కాగితం చదివి, "తీవ్రమైన బుద్ధిమాంద్యం అని నువ్వే రాసినావు గదప్పా, ఇంకేముంది?" అన్నాడు.

"నేను రాసింది తప్పు సార్" అన్నాను. పాలకేంద్రం సంగతంతా చెప్పాను. ఆయన నమ్మలేదు. ఇంటివాళ్ళకు అలాగే అనిపిస్తుందన్నాడు. అయినా మంచి మనిషి, కొట్టిపారెయ్యలేదు. నన్ను, నాతో వచ్చిన కొత్తమ్మాయిని, తల్లిని గది గుమ్మం దగ్గరికి పంపేశాడు. పాప అవ్వ ఒళ్ళోనే ఉంటుంది కానీ, అవ్వ బొమ్మలు చూడకుండా ముఖం మీద కొంగు కప్పుకోవాలన్నాడు. అవ్వ కొత్త పెళ్ళికూతురిలా ముసుగేసుకుని కూర్చుంది. డాక్టరు ఒక్కో బొమ్మ పాపకు చూపించి అడగడం మొదలుపెట్టాడు. ఇది చెట్టేనా? ఇది బస్సా? ఇది నీళ్ళు తాగే గ్లాసా?

పాప తల లేస్తోంది, కళ్ళు మూతపడుతున్నాయి. నేను లెక్కపెడుతున్నాను. కొత్తమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉందని చాలాసేపటికి గమనించాను.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "పదికి తొమ్మిది సరిగానే చెప్పింది. ఒక్కటే తప్పు. ఆవును చూపించి ఆవేనా అంటే కాదనింది."

అవ్వ ముసుగు తీసి ఆ బొమ్మ అందుకుంది. నల్లగా పడిన జిరాక్సు కాగితం. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "సార్, ఇది ఎద్దు. పొదుగు యాడుండాది సూపించండి" అంది.

డాక్టరు బొమ్మను తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పొదుగు లేదు. ఆయన ఆ తప్పును కొట్టేసి, పదికి పది వేసి, తానే ముందు నవ్వాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది, అది సంతోషమే.

నవ్వు ఆగాక డాక్టరు పాప వైపు వంగి, "ఇంగేం తల్లీ, బడికి పోతావా?" అన్నాడు.

పాప కళ్ళు మూసుకుంది.

డాక్టరు మళ్ళీ అడిగాడు. మళ్ళీ కళ్ళు మూసుకుంది, ఇంకా గట్టిగా. తల్లి, "ఏమే, దినామూ ఏడస్తావు గదే బడికని!" అని భుజం పట్టుకుంది. ఇంతదాకా వచ్చి ఇదేమిటని నేను గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వేశాను. డాక్టరు చెయ్యెత్తి అందరినీ ఆపి, ఓపిగ్గా ఒక్కొక్కటే అడిగాడు. బడంటే భయమా? కాదు. పిల్లలు కొడతారనా? కాదు. అవ్వను విడిచి ఉండలేవా? కాదు.

కొత్తమ్మాయి నా వైపు ఒకసారి చూసింది. తర్వాత పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని మెల్లిగా అడిగింది: "బడిలో ఈ సారు ఉంటాడనా?"

పాప తల అంత పైకి లేవడం నేను అంతవరకు చూడలేదు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టకపోతే వెనక్కి పడిపోయేది.

"ఆ పొద్దు చెయ్యి పట్టుకోని పూసలు గుచ్చిచ్చినారు గదా సారూ" అంది అవ్వ, నా తరఫున తానే సిగ్గుపడుతూ. "చేతికి నొప్పి పుట్టింది. దానికి గుర్తుండాది."

"ఈ అక్క వస్తే పోతావా?" అని డాక్టరు కొత్తమ్మాయిని చూపించాడు. తల పైకి లేచింది.

అంతా నవ్వారు. నేనూ నవ్వాను. చివుక్కుమంది, కాదనను. కానీ ఎవరైనా నా గురించి ఇంత స్పష్టంగా అభిప్రాయం చెప్పగలిగితే వాళ్ళకు బుద్ధిమాంద్యం ఎలా ఉంటుంది?

కాగితం నా ముందుకొచ్చింది. నా మునుపటి నివేదిక తప్పు అని రాశాను. పాప తల ఎత్తితే అవునని, కళ్ళు మూస్తే కాదని, ఆమెను అడిగేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని అడగాలని రాశాను. బడిలో చేర్చాలి అని రాశాను. పిల్ల ఏమనుకుంటుందో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ఇన్నేళ్ళుగా ఆ ఫారం నింపుతున్నా అది లేదని నాకు తట్టనేలేదు. మార్జిన్‌లో రాశాను: "పాపను అడగగా ఈ ఉపాధ్యాయుడు వద్దు అన్నది." కింద సంతకం పెట్టాను.

"అది రాయాల్సిన పనేముందప్పా?" అన్నాడు డాక్టరు.

"పోయినసారి చెప్పిన జవాబులు రాయలేదు సార్" అన్నాను.

వారం తర్వాత మా అధికారి ఫోను చేశాడు. "ఏమబ్బా, నీ మీద నువ్వే అర్జీ పెట్టుకున్నావంట?" అని నవ్వాడు, తర్వాత కొంచెం విసుక్కున్నాడు, చివరికి ఆ ఊరి బడిని కొత్తమ్మాయికి రాసిచ్చాడు. నా ఫైళ్ళను అప్పటినుంచి మళ్ళీ చూడడం మొదలుపెట్టారు. నా వేగం కూడా పడిపోయింది. పరీక్షకు ముందు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, "మీ పిల్ల అవునని ఎట్ల చెబుతుంది, కాదని ఎట్ల చెబుతుంది?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. కొందరు వేలు కదిపేవాళ్ళు, ఒక పిల్లవాడు నాలుక బయటపెట్టేవాడు. ఆ ఒక్క ప్రశ్నకే ఒక్కోసారి గంట పట్టేది. దిగిపోయేదాకా మా జిల్లాలో అందరికన్నా ఆలస్యంగా ఫైళ్ళు పంపేవాణ్ణి నేనే. దానికి నాకేం చింత లేదు.

జూన్‌లో పాప ఒకటో తరగతిలో చేరింది. నడుముకు పట్టీ ఉన్న చెక్క కుర్చీ చేయించారు. నేను ఆ బడివైపు పోలేదు. కబుర్లు మాత్రం వింటుండేవాణ్ణి. డిసెంబరులో అనుకుంటాను, కొత్తమ్మాయికి జ్వరమొచ్చి సెలవు పెట్టింది. ఆమెకు బదులు ఎవరో ఒకరు పోవాలి, ఇంకెవరూ దొరకలేదు. నేనే పోయాను.

గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి అడుగు పెట్టకుండా నిలబడ్డాను. రెండో వరుసలో పాప, చుట్టూ పిల్లలు. నన్ను చూసింది. గుర్తుపట్టింది.

"అక్క ఈరోజు రాలేదమ్మా. నేను లోపలికి రావచ్చా?" అని అడిగాను.

పాప కాసేపు నన్ను తేరిపార చూసింది. తొందరేమీ లేదు తనకు. తర్వాత నిదానంగా కళ్ళు మూసుకుంది.

వెంటనే తరగతిలోని పిల్లలు, ముక్కు చీమిడి తుడుచుకోని వాళ్ళతో సహా, అందరూ ఒక్కసారిగా అరిచారు:

"వద్దంటా ఉండాది సార్!"

"సరే తల్లీ" అన్నాను. చెప్పులు తొడుక్కుని వరండాలో గట్టుమీద కూర్చున్నాను. లోపల వాళ్ళ టీచరు పాఠం మొదలుపెట్టింది. నా ఉద్యోగంలో అంత తృప్తిగా కూర్చున్న పూట ఇంకొకటి లేదు.